నిద్రకు కాపలా

ఓబులేసుకు నిద్ర అంటే గిట్టదు. తన నిద్ర సంగతి సరే, లోకంలో ఇంకెవరు నిద్రపోయినా అతనికి ఒళ్లు మండేది. మరీ ముఖ్యంగా కండలో నిద్రపోయే కణాలంటే.

హైదరాబాదు శివార్లలో, బండరాళ్ల మధ్య కట్టిన ఒక పరిశోధనాలయంలో అతను శిష్యుడు. గురువు డాక్టర్ సుభాషిణి. పేరుకే సుభాషిణి. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది ఆవిడ వరస. అరవై దాటిన మనిషి. కండ గాయపడితే మళ్లీ ఎలా పెరుగుతుందన్న ఒక్క సంగతి పట్టుకుని ముప్పై ఏళ్లుగా కూర్చుంది.

ఆ సంగతి కొంచెం చెప్పుకోకపోతే కథ నడవదు. కండలో ఒక్కో పోగు మీదా పల్చటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర కింద, పోగును ఆనుకుని, అక్కడొకటి ఇక్కడొకటి చిన్న కణాలు ముడుచుకుని పడుకుంటాయి. మూలకణాలంటారు వాటిని. నెలల తరబడి, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కండ చిరిగితే మాత్రం లేస్తాయి. లేచి ఒకటి రెండు, రెండు నాలుగు అవుతాయి. వాటిలో చాలా భాగం చిరిగినచోటికి పోయి కొత్త కండగా మారిపోతాయి. కొన్ని వెనక్కి వచ్చి, మళ్లీ అదే పొర కింద పడుకుంటాయి, ఇంకోసారి అవసరం వస్తుందని. పరుగుపందెంలో తొడకండ చిరిగి కూలబడినవాడు కొన్ని వారాలకు మళ్లీ మైదానంలో కనబడుతున్నాడంటే ఇదంతా జరిగిందన్న మాట.

ఓబులేసు తమ్ముడు సుంకన్నకు ఈ ఏర్పాటే చెడిపోయింది. కండపోగును గట్టిగా పట్టి ఉంచే ఒక పదార్థం వాడి ఒంట్లో పుట్టుకతోనే తయారు కాదు. మెట్టెక్కితే కండ చిరుగుతుంది. దిగితే ఇంకా చిరుగుతుంది. మూలకణాలు రోజూ లేచి అతుకులు వేస్తాయి. వేసీ వేసీ ఒకనాటికి చేతులెత్తేస్తాయి. కండ పోయినచోట కొవ్వు వచ్చి చేరుతుంది.

నాలుగేళ్లప్పుడు సుంకన్న పిక్కలు లావుగా, గట్టిగా ఉండేవి. "పహిల్వాను పిక్కలురా వీనివి!" అని ఆదోనిలో వాళ్ల వీధి వీధంతా ముచ్చటపడేది. పదిహేనేళ్ల ఓబులేసు వాణ్ని భుజాన ఎక్కించుకుని ఆ పిక్కలు అందరికీ చూపిస్తూ తిరిగేవాడు. తరవాత వాడు కింద కూర్చుంటే మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించి ఎగబాకినట్టు లేవడం మొదలుపెట్టాడు. పదో ఏట ఆ లేవడమూ పోయింది. ఆ పిక్కల్లో ఉన్నది కండ కాదని, కొవ్వని, ఓబులేసు చాలా ఏళ్లకు ఒక పుస్తకంలో చదివాడు. ఆ పేజీ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అందుకే ల్యాబ్‌లో అడుగుపెట్టిన రోజే గురువును అడిగాడు.

"మేడం, ఇవి ఎందుకు పడుకుంటాయి? అన్నిటినీ ఒక్కసారి లేపడం ఎలా?"

"ఎలా పడుకుంటున్నాయో చూడు ముందు" అంది ఆవిడ.

అతను చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇల్లు కాలుతుంటే పక్కింటివాడు ఎలా నిద్రపోతున్నాడో చూస్తూ కూర్చుంటామా అనుకున్నాడు. లేపే మందుల వేటలో పడ్డాడు.

మూడేళ్లు తిరిగేసరికి పదిహేడో నంబరు మందు దొరికింది. ఎలుక కాలి కండకు చిన్న గాయం చేసి ఆ మందు వేస్తే, మిగతా ఎలుకలకు మూడు వారాలు పట్టేది దీనికి పది రోజుల్లో మానింది. మైక్రోస్కోపులో కొత్త పోగులు వరసగా, నిండుగా కనబడ్డాయి. ఓబులేసు ల్యాబ్‌లోంచి పరుగెత్తి, మెట్ల మీద నిలబడి ఆదోనికి ఫోన్ చేశాడు.

"మందు దొరికిందిరా సుంకా! దసరాకు తెస్తా సూడు."

అది పోయినేడు దసరా ముందు మాట.

మేడం ఆ మైక్రోస్కోపు బొమ్మలు చూసింది.

"మానినచోటే మళ్లీ గాయం చెయ్యి. అదీ మానాక ఇంకోసారి."

"గోరుచుట్టు మీద రోకటిపోటా మేడం?"

"మీ తమ్ముడికి రోజూ అదే కదయ్యా."

రెండో గాయం మామూలుగా మానింది. మూడోది మానలేదు. కండ ఉండాల్సినచోట తెల్లగా కొవ్వు కనబడింది. పొర కింద వెతికితే పడుకున్న కణం ఒక్కటి లేదు. అన్నీ లేచాయి, అన్నీ పనికి పోయాయి, వెనక్కి వచ్చి పడుకున్నది లేదు. మందు వెయ్యని ఎలుకలకు మాత్రం మూడోసారి కూడా శుభ్రంగా మానింది.

ఆ తెల్లటి బొమ్మ ముందు ఓబులేసు చాలాసేపు కూర్చున్నాడు. పహిల్వాను పిక్కలు గుర్తొచ్చాయి. తన చేతులతో తానే ఎలుకకు తమ్ముడి జబ్బు తెప్పించాడు.

తెలివైనవాడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు. ఓబులేసు తెలివైనవాడే, కానీ భయపడ్డవాడు. మందు చాల్లేదు, ఇంకా గట్టిగా లేపాలి అనుకున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

ఆ దసరాకు ఊరికి పోలేదు. ఉగాదికీ పోలేదు. మందు లేకుండా ఏ ముఖం పెట్టుకుని పోతాడు? సుంకన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. మొదట్లో "పనిలో ఉండా రా" అని పెట్టేసేవాడు ఓబులేసు. తరవాత ఎత్తడం మానేశాడు. ఫోను మోగి మోగి ఆగేది. కాసేపటికి మెసేజి వచ్చేది: "తిన్న్యావా అన్నా?" దానికి ఒక బొటనవేలి బొమ్మ పంపేవాడు. కొన్నాళ్లకు అదీ లేదు. ఫోన్లు మాత్రం ఆగలేదు.

హాస్టల్ గదికి స్నానానికి తప్ప పోయేవాడు కాదు. స్నేహితులు పిలిచి పిలిచి విసిగి వదిలేశారు. ఒక్కోరోజు క్యాంటీన్‌లో "ఒక టీ" అన్న మాట తప్ప అతని నోట్లోంచి ఇంకో మాట వచ్చేది కాదు. తన గొంతు తనకే కొత్తగా వినబడేది.

ఇంకో అలవాటు పట్టుకుంది. కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ తలుపు ఊరికే తెరిచేవాడు. లేచాయా లేదా అని రెండు గంటలకోసారి కణాలున్న ప్లేట్లు బయటికి తీసి చూసేవాడు. తలుపు తెరిచినప్పుడల్లా పేరు, టైము రాయాలని అక్కడొక పుస్తకం వేలాడదీసి ఉంది. అందులో పేజీలకు పేజీలు ఓబులేసు పేరే. మేడం ఒకరోజు ఆ పుస్తకం చివరిదాకా తిప్పి చూసి, మళ్లీ మేకుకు తగిలించి వెళ్లిపోయింది.

మళ్లీ దసరా వచ్చింది.

మేడం పూజలూ పునస్కారాల మనిషి కాదు. కానీ ఆయుధపూజ ఒక్కటి మాత్రం ఆ ల్యాబ్‌లో తప్పేది కాదు. అష్టమి సాయంత్రమే ఆవిడ స్వయంగా మైక్రోస్కోపులకు బొట్లు పెట్టింది. ఇంక్యుబేటర్ నెత్తిన బంతిపూలు పెట్టింది. సెంట్రిఫ్యూజ్ ముందు నిమ్మకాయ కోసి పెట్టింది. నవమి నాడు అక్కడ ఎవరూ ఏ పనిముట్టూ ముట్టుకోకూడదు. ఆ వంకతో అందరూ ఊళ్లకు పోయారు. మూడంతస్తుల మేడలో మనిషి అలికిడి లేదు.

నవమి పొద్దున తొమ్మిదింటికి ఓబులేసు వచ్చాడు. నేరుగా పోయి ఇంక్యుబేటర్ పిడి మీద చెయ్యి వేశాడు. బంతిపూవు ఒకటి జారి కింద పడింది.

"ఓబులేసూ."

వెనక మేడం. చేతిలో టిఫిన్ డబ్బా, పసుపు రాసిన దారపుండ.

"అయిదు నిమిషాలు మేడం. ఇరవైమూడో మందు నిన్ననే వేశా. ఎన్ని లేచాయో చూసి మూసేస్తా."

"మా నాన్న వడ్రంగి. నవమి నాడు ఉలి ముట్టుకుంటే ఉలే కొరుకుతుందనేవాడు."

అలా అంటూనే ఆవిడ దారం తీసి ఇంక్యుబేటర్ పిడికి రెండు చుట్లు చుట్టి, పక్కనున్న కొక్కానికి బిగించి ముడి వేసింది. చంటిపిల్లాడు లాగినా తెగే దారం. తరవాత ఒక కుర్చీ జరిపి దాని ముందు వేసింది.

"సాయంత్రం ఆరింటికి వస్తాను. అందాకా ఈ దారం తెగకూడదు. కాపలా నీది."

"కణాలకు మేత మార్చాలి మేడం, మధ్యాహ్నం."

"ఒక పూటకు చావవు."

"ఏదైనా చదువుకోనా?"

"వద్దు."

"కంప్యూటర్లో..."

"దానికీ బొట్టు పెట్టాను."

"ఫోను?"

"ఎవరైనా పిలిస్తే పలుకు."

"మరి నేనేం చెయ్యాలి మేడం?"

"లేవకు" అంది. డబ్బా అతని ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

ఓబులేసు కూర్చున్నాడు. ఇదేం శిక్షో అర్థం కాలేదు. తప్పు చేసిన బడిపిల్లాణ్ని గోడ దగ్గర నిలబెట్టినట్టుంది. కోపం వచ్చింది. గంటసేపు ఆ కోపంతోనే గడిచిపోయింది, అదొక మేలు.

రెండో గంట కష్టమైంది. చెయ్యి దానంతటది లేచి పిడి దాకా పోయేది. వెనక్కి లాక్కునేవాడు. లోపల ఇరవైమూడో మందు ఏం చేస్తోందో. అన్నీ లేచి ఉంటాయా? అతని కాలు నేల మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది. అది అతనికి ఆలస్యంగా తెలిసింది.

పదకొండింటికి డబ్బా తెరిచాడు. పులిహోర. కారం తక్కువ, పల్లీలు ఎక్కువ. ఒంటరిగా వండుకునే మనిషి చేతివంట. నవమి నాడు ఆవిడ కూడా ఒక్కతే ఉందన్న సంగతి అతనికి అప్పుడు తోచింది. నాలుగేళ్లలో ఎన్నడూ తోచలేదు.

ఒంటిగంట ప్రాంతంలో కరెంటు పోయింది. ఇంక్యుబేటర్ ఒక్కసారిగా కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఓబులేసు అదిరిపడి సగం లేచాడు. వేళ్లు దారాన్ని పట్టుకున్నాయి. కణాలు చల్లబడితే? ఆరు వారాల పని. ఆ అరుపు చెవుల్లోంచి తలలోకి దిగుతోంది. జనరేటర్ అందుకోవడానికి అర నిమిషం పట్టిందేమో, అతనికి అర పూట అనిపించింది. దీపాలు వెలిగాయి. అరుపు ఆగింది. లోపల ఏమీ కాలేదని తలుపు మీది అంకెలు చెబుతున్నాయి. ఓబులేసు మళ్లీ కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది.

తరవాత ఇక ఏమీ జరగలేదు. అదే భరించలేకపోయాడు. పని ఉన్నన్నాళ్లూ పని చాటున దాక్కున్నాడు. ఇప్పుడు దాక్కోవడానికి ఏమీ లేదు. ఎండ కిటికీలోంచి నేల మీదికి దిగి, నెమ్మదిగా గోడ వైపు జరుగుతోంది. ఇంత పెద్ద మేడలో, ఇంత పెద్ద ఊళ్లో తనను తలుచుకునేవాళ్లు ఎవరూ లేరనిపించింది. ఒక్కడున్నాడు, వాడి ఫోను తాను ఎత్తడు.

నాలుగింటికి ఫోను మోగింది. సుంకన్న.

ఓబులేసు దాని వైపు చూశాడు. మామూలుగా అయితే ఏదో ఒక పని అందుకునేవాడు. అందుకోవడానికి ఏమీ లేదు.

ఎత్తాడు.

"ఓయబ్బ! ఎత్తినావే అన్నా!" అన్నాడు సుంకన్న. గొంతు మారింది, బొంగురు పోయింది. పదిహేడేళ్లొచ్చాయి వాడికి.

"ఊఁ."

"ఏం చేస్తాండావు?"

"ఏం లేదురా. కూచోనుండా."

"పని లేదా?"

"నవమి గదా. మేడం ఏదీ ముట్టద్దనింది. పొద్దున తొమ్మిదిన్నుంచి కుర్చీలోనే ఉండా. లేయకూడదంట."

అవతల వాడు పకపకా నవ్వాడు. "అంటే నా పని చేస్తాండావన్న మాట! ఎట్లుంది?"

ఓబులేసుకు నవ్వు రాలేదు. "శానా కష్టంగా ఉందిరా" అన్నాడు.

"నడుము పీకుతాందా?"

"పీకుతాంది."

"ఎడం పక్కకు రవ్వంత ఒరుగు. చెయ్యి కుర్చీ మీద ఆనించు. ఆఁ. నేనట్లే చేస్తా."

ఓబులేసు ఒరిగాడు. నొప్పి కాస్త తగ్గింది.

"అందరూ నేను ఊరికే కూచోనుంటాననుకుంటారు" అన్నాడు సుంకన్న. "మెడ నిలబెట్టుకునేదానికే సగం పొద్దు పోతాది నాకు. ఎవురికి తెలుస్తాది? ఈపొద్దు నీకు తెలిసిందిలే."

ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. ఏడాదిగా మింగుతూ వచ్చిన మాట ఇక లోపల నిలవలేదు.

"సుంకా, ఆ మందు..."

"దొరకలేదు గదా. తెలుసులే."

"ఎట్ల తెలుసు?"

"మందు దొరికినోడు ఫోను ఎత్తకుండా ఉంటాడా?"

ఓబులేసు ఏడ్చాడు. దాచుకోలేదు. అవతల తమ్ముడి కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది.

"దొరికితే మంచిదే" అన్నాడు సుంకన్న కాసేపటికి. "నాకూ కావల్ల. కానీ దొరికేదాకా రావేమన్నా నువ్వు? అదేం బాగలేదు."

"తప్పయిపోయిందిరా."

"సర్లే. అమ్మ కుట్టుమిషనుకు పసుపు పూసి పండుకుంది. మిషను చప్పుడు లేక ఇల్లంతా ఏదోలా ఉంది. ఎన్నింటిదాకా కూచోవల్ల నువ్వు?"

"ఆరింటిదాకా."

"నేనూ ఉంటాలే" అన్నాడు సుంకన్న.

ఇద్దరూ ఇంకేం మాట్లాడుకోలేదు. ఫోను మాత్రం పెట్టలేదు. ఓబులేసు దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు అవతల తమ్ముడు ఊపిరి తీసుకోవడం వినబడేది. ఒకసారి ఆదోని వీధిలో డప్పులు వినబడ్డాయి, పోయాయి. నేల మీద కొట్టుకుంటున్న కాలు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. ఏసీ గాలికి పసుపు దారం సన్నగా ఊగుతోంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆరింటికి మేడం వచ్చింది. ముందు దారం చూసింది. తరవాత అతని ముఖం చూసింది.

"ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు మేడం."

"అలిసిపోయావే."

"చాలా. ఎలుకల పని రోజుల్లో కూడా ఇంత అలిసిపోలేదు."

"తెంపబుద్ధి కాలేదూ?"

"వందసార్లయింది. కరెంటు పోయినప్పుడు సగం లేచాను కూడా."

"మరి ఎలా ఉన్నావ్?"

"నాలుగింటిదాకా పళ్ల బిగువున ఉన్నాను. ఆ తరవాత..." అని మోకాలి మీది ఫోను చూపించాడు. "తమ్ముడు మేడం. రెండు గంటల నుంచి ఉన్నాడు."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏమీ లేదు. ఊరికే పక్కనున్నాడు."

మేడం తలాడించింది. కింద పడ్డ బంతిపూవు తీసి ఇంక్యుబేటర్ మీద పెట్టింది. దారం విప్పలేదు.

"అన్నీ లేచినప్పుడు చూశావు" అంది. "కణం పడుకున్నప్పుడు దాని పక్కన ఎవరుంటారో చూశావా?"

ఓబులేసు ఆవిడ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. ఇరవైమూడో మందు మాట వదిలేసి, పోగును ఆనుకుని పడుకున్న కణాన్ని తలుచుకున్నాడు.

మోకాలి మీంచి సుంకన్న గొంతు వచ్చింది.

"అన్నా, ఆరైపాయ. ఇంగ లెయ్యి."

ఓబులేసు లేచాడు. ఆదోని బస్సు తొమ్మిదింటికి.